పచ్చికుండ

మాది ఉయ్యూరు దగ్గర పల్లె. మా అబ్బాయి పదో తరగతి తప్పిన వేసవిలో మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఒకనాడు వాడు పెరట్లో మట్టితో ముంతలు చేయబోతే, మేమూ ప్రక్కన కూర్చున్నాము. సారె కొనే స్తోమత మాకు లేదు. మట్టిని తాళ్ళలా పేని, చుట్టమీద చుట్ట పేర్చి, తడిచేత్తో అతుకులు నునుపు చేశాము. పాత గోనెసంచి, చీర పేలిక, కొబ్బరిచిప్ప ముక్క, ఇవే పనిముట్లు.

మొదటివన్నీ ఎండలో బీటలు వారాయి. వాడు విసిరికొట్టబోయాడు. ఊరి కుమ్మరి తాతను అడిగితే, "నల్లరేగడి ఆరేటప్పుడు బాగా ముడుచుకుంటుంది నాయనా. జల్లించిన ఇసుక కలిపి, నీడలో ఆరబెట్టండి. పగిలినవి పారేయకండి. పచ్చికుండ నానబెడితే మళ్ళీ ముద్దవుతుంది. కాలిన కుండే మారదు" అన్నాడు.

సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడు వేడి దాటితేనే మట్టి మరల నీళ్ళలో కరగదట. యిర్మీయా 18వ అధ్యాయంలో చెడిన పాత్రను కుమ్మరి మరల చేసిన సంగతి మాకు ఆ పూట అర్థమైంది. బిడ్డను అన్న మాటలు తలచుకొని సిగ్గుపడ్డాము.

పదిహేను రోజులు ఆరనిచ్చి, తాత ఆవంలో ఆయన కుండల సందున నాలుగు ముంతలు పెట్టించాము. మూడు నిలిచాయి. వాడు మళ్ళీ పరీక్షకు ఫీజు కట్టాడు.

ప్రియమైన తల్లిదండ్రులారా, మన పిల్లలింకా పచ్చిమట్టే. తొందరపడి పారవేయకుందుము.