నూర్‌బుర్గు కొండలలో నూనె రేడియేటరు

జర్మనీ దేశానికి పడమటి వైపున ఐఫెల్ అనే కొండల సీమ వున్నది. యెన్నడో చల్లారిన అగ్నిపర్వతాల నేల అది. కొలోను నగరం నుంచి దక్షిణంగా మోటారు మీద గంటకు పైగా పోతే, చిక్కని అడవుల నడుమ వొక గుట్ట మీద పాడుబడిన కోట బురుజు కనిపిస్తుంది. అదే నూర్‌బుర్గు. కోటను చూడవచ్చే వారు కొద్దిమందే. ఆ కోట చుట్టూ అడవిలో మెలికలు తిరిగే పందెపు బాటను చూడటానికి, చూడటమేమిటి, దాని మీద స్వయంగా బండి తోలడానికి వచ్చేవారే విస్తారం.

చుట్టుపక్కల పనులు లేక వున్నవారికి కూలి దొరుకుతుందని 1925లో పునాది వేసి, 1927 జూనులో ప్రారంభించారట. ఉత్తరపు చుట్టు పొడవు 20.8 కి.మీ.; మలుపులు 70కి పైమాటే. స్కాట్లండు పందెగాడు జాకీ స్టీవార్టు దీనికి ‘పచ్చని నరకం’ అని పేరు పెట్టాడు. 1976 ఆగస్టు 1న నికీ లౌడా బండి యిక్కడే అంటుకొని, ఆయన చావు తప్పి బయటపడ్డాడు. ఆ తరువాత ఫార్ములా వన్ పందేలు యీ చుట్టు మీద మరి జరగలేదు. పందేలు, పరీక్షలు లేని వేళల్లో మాత్రం సుంకం కట్టిన వారికి గేటు తీస్తారు. అప్పుడది చట్టం దృష్టిలో వొట్టి వన్‌వే రోడ్డే.

2023 వేసవిలో నన్ను అక్కడికి తీసుకుపోయినవాడు కొలోనులో వుద్యోగం చేస్తూ వున్న మా మేనల్లుడు. బండి మాత్రం వాడిది కాదు. వాడి పక్కింటి ముసలాయనది. 1982 నాటి పోర్షే 911. ఆయనకు డెబ్భై దాటినవి. ఆ బండికి నూనె చల్లబరిచే యేర్పాటు మార్చడానికి మావాడు మూడు శనివారాలు ఆయన షెడ్డులో చేయి సాయం చేశాడు. ఆ పని ఫలితం చూడటానికే మా ప్రయాణం.

మన కోయంబత్తూరు వారికి పంపుల సంగతి చెబితే చాలు, తక్కినది వారే అల్లుకుంటారు. యీ బండికి యింజను వెనుక వుంటుంది. నీళ్ల రేడియేటరు లేనే లేదు. వొక పెద్ద పంకా గాలి కొడుతుంది. మిగిలిన వేడిని నూనె మోయాలి. మామూలు కారుకు నాలుగైదు లీటర్లు పడితే, దీనికి సుమారు 13 లీటర్లు. ఆ నూనె యింజను అడుగున నిలవదు. కుడివైపు వెనుక చక్రం దగ్గర వేరే ట్యాంకు వుంది. వొక పంపు ట్యాంకులోని నూనెను యింజనులోకి నెడుతుంది, రెండో పంపు అడుగున చేరినదాన్ని తోడి మళ్లీ ట్యాంకుకు పంపుతుంది. నూనె మట్టం కూడా, అన్ని బండ్లలాగా యింజను ఆపి కాదు, బాగా వేడెక్కిన తరువాత నడుస్తూ వుండగానే చూడాలి. నాకిది భలే వింతగా తోచింది.

తోడిన నూనె తిరుగుదారిలో కుడి గుమ్మం కింది గొట్టాల గుండా బండి ముందరి దాకా పోయి చల్లబడి వస్తుంది. అక్కడ మడ్‌గార్డు లోపల మునుపు వున్నది వంకరలు తిరిగిన వొట్టి గొట్టమే. వూళ్లో తిరగడానికి అది చాలు. దాన్ని తీసి, రెక్కలున్న రేడియేటరు, దాని వెనుక వొక చిన్న కరెంటు పంకా పెట్టారు. చెప్పడానికి యింతే. కాని నలభై యేళ్లుగా అల్యూమినియం థర్మోస్టాటును పట్టుకొని కూర్చున్న వుక్కు నట్టు వూడి వస్తుందా? నూనె పోశారు, మంట పెట్టారు, వారం రోజులు నానబెట్టారు. చివరికి పాత గొట్టాన్ని కోసేయవలసి వచ్చింది. ఆ థర్మోస్టాటు లేకుండా కానివ్వచ్చు గదా అని నేనడిగాను. కూడదట. నూనె 85 డిగ్రీల ప్రాంతానికి వచ్చేదాకా అది ముందరి దారి మూసి వుంచుతుంది. చల్లని చిక్కని నూనెతో యింజనును తరమడం కూడా అరుగుదలే. యింకొక మాట ఆయన పదేపదే చెప్పాడని మావాడన్నాడు: గాలి లోపలికి రావడానికి అందరూ దారి చేస్తారు, వేడెక్కిన గాలి బయటికి పోవడానికి యెవరూ చేయరు అని. అందుకని మడ్‌గార్డు లోపలి రేకుకు కిటికీ కోశారు.

మా వూరి పక్కన చెట్టిపాళెంలో, కరివర్ధన్ గారి పేర 2003లో తెరిచిన పందెపు బాట వున్నది గదా. అక్కడ యిదే రేడియేటరు యింతగా పనిచేయదు. నూనెకూ బయటి గాలికీ మధ్య తేడా యెంత వుంటే అంత వేడి పోతుంది. ఐఫెల్‌లో ఆ రోజు గాలి 16 డిగ్రీలు; మా మే నెల యెండ సంగతి పాఠకులకు తెలుసు.

మేము గేటు చేరేసరికి బాట మూసి వున్నది. మా ముందు పోయిన యెవరి కారుకో నూనె గొట్టం వూడిందట. మలుపులో కారిన నూనె మీద వెనుక వస్తున్న మోటారు సైకిలు జారింది. గంటసేపు పొడి చల్లి వూడ్చారు. శుభ్రం చేసిన ఖర్చు నూనె కార్చినవాడే పెట్టుకోవాలట. లారీ మీద వంగిపోయిన సైకిలు మా ముందునుంచే పోయింది. నడిపినవాణ్ణి అప్పటికే ఆసుపత్రికి తీసుకుపోయారు. ముసలాయన యేమీ అనలేదు. టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

గేటు తెరిచాక నేను ఆయన పక్కన యెక్కాను. వెనుక సీట్లు పసిపిల్లలకే సరిపోతవి కనుక మావాడు దిగిపోయాడు. అంకెలున్న గేజి వొకటి కొత్తగా బిగించారు; అది చూస్తూ వుండటం నా పని. బయలుదేరేటప్పుడు 88. బాట అడవిలో దిగుతూ పోయి బ్రైడ్‌షైడ్ వంతెన దగ్గర అన్నిటికంటె పల్లానికి చేరుతుంది. అక్కడ 95. ఆపైన అసలు పరీక్ష. హోహె ఆఖ్ట్ దాకా సుమారు 300 మీటర్ల యెక్కుడు. కాలు పెడలు మీదనుంచి తీయడానికి లేదు. అందులో వొక భాగం పేరు కెస్సెల్‌ఖెన్, అంటే చిన్న కాగు! నిరుడు యిక్కడే ముల్లు 125 దాటి, ఆయన బండి నెమ్మది చేసి పక్కన పాకవలసి వచ్చిందట. యీసారి కాగులో 103, కరుసెల్ అనే సిమెంటు గుంత మలుపులో 107. అక్కడ నిలిచింది. చివరి తిన్నని బాట మీద గాలి తగిలి 99కి దిగింది. నా కడుపులో తిప్పుడు మాత్రం దిగలేదు.

గేటు బయట బండి ఆపీ ఆపగానే ఆయన కింద తెల్ల కాగితం పరిచి పడుకున్నాడు. కుడి ముందు చక్రం వెనుక కీలు దగ్గర కాగితం మీద వొక చుక్క పడింది. రెండో చుట్టుకు సుంకం కట్టేసి వున్నది, యిప్పుడు మావాడి వంతు. ‘‘వొక్క చుక్కే గదా మామా!’’ అన్నాడు నాతో తెలుగులో. ఆ భాష రాకపోయినా ముసలాయనకు భావం తెలిసినట్లుంది. లారీ పోయిన వైపు చూపించి తల అడ్డంగా వూపాడు.

రెండు స్పానర్లతో, వొకటి పట్టుకొని వొకటి తిప్పుతూ, కీలు బిగించాడు. తుడిచాడు. ఆదెనౌ అనే వూరి మీదుగా మామూలు రోడ్ల మీద 20 కి.మీ. తిప్పి, మళ్లీ కాగితం పరిచాడు. పొడిగానే వున్నది. యింకొక 20 తిప్పాడు. తిరిగి వచ్చేసరికి గేటు మూసేశారు.

మిగిలిపోయిన ఆ చుట్టు సెప్టెంబరులో మావాడు తిరిగాడు. కాగితం ఫోటో తీసి పంపాడు. దాని మీద మడత గుర్తులు తప్ప యేమీ లేవు. కాగులో 104 అని కింద రాశాడు.