మెతుకు పేరు గల ఊరు



మెదక్ దేవాలయాన్ని చూడని కుటుంబము మన సంఘాలలో అరుదు. క్రిస్మస్‌కో, గుడ్ ఫ్రైడేకో బస్సెక్కి వెళ్లి, ఆరాధన ముగిశాక చెట్టు కింద వండుకొని తిని, సాయంత్రానికి ఇల్లు చేరుతాము. గుట్ట మీది కోట ఎక్కేవారు మాత్రం కొద్దిమందే. ఈసారి మేము మా సంఘ యౌవనస్థులతో ముందు కోటకే వెళ్లాము.

మెట్లెక్కుతుండగా ఒక అబ్బాయి అడిగాడు: "అయ్యగారూ, కరువులో దొరగారు మెతుకులు పెట్టినందుకే ఈ ఊరికి మెదక్ అని పేరొచ్చిందంటారు, నిజమేనా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆ మాట మేమే ప్రసంగ పీఠం మీదినుండి రెండు మూడుసార్లు చెప్పియున్నాము మరి.

ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో దేవాలయ పని మొదలుపెట్టించారు. కరువు రోజుల్లో ఆ పని ఎందరికో కూలి, అన్నము అయింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఇదంతా నిజమే. కానీ దొరగారు 1890లలో ఈ దేశానికి వచ్చేనాటికే ఊరు మెదక్. 1908లో అచ్చయిన ఇంపీరియల్ గెజెటీరులో మెదక్ జిల్లా ఉన్నది. పునాది పడకముందే ఉన్న పేరు గుడివల్ల ఎలా వస్తుంది?

ఈ ఊరికి తొలి పేరు సిద్ధాపురమని చెబుతారు. కాకతీయుల నాటి ఈ కోట మెతుకు దుర్గము, చుట్టూ ఉన్న నేల మెతుకుసీమ. తరువాత తురుష్కుల ఏలుబడిలో గుల్షనాబాద్ అయింది. పారసీ భాషలో గుల్షన్ అంటే పూలతోట. మొఘలుల కాలంలో నాసిక్‌కు కూడా ఇదే పేరుండేది. నిజాం కాలపు కాగితాలలో రెండు పేర్లూ కలిపి "మెదక్ గుల్షనాబాద్" అని రాసేవారు. రాజుగారి పేరు కాగితాల మీద మిగిలింది, రైతు పేరు నోట మిగిలింది.

దూరదేశాలలోనూ ఇంతే. రోమీయులు లుటేషియా అన్న పట్టణము, అక్కడి పారిసీ తెగవారి పేరున పారిస్ అయింది. బైబిలులో లూజు బేతేలు కాలేదా? బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు. మెతుకు పేరు గల ఊళ్లు ఇంకా ఉన్నాయన్నమాట!

కోటలో గుర్రాల, ఏనుగుల సంగతి కంటే మాకు ధాన్యపు కొట్లే ఎక్కువ నచ్చాయి. పైనుండి చూస్తే పచ్చని పొలాలు. మంజీర మీద ఘనపురం ఆనకట్ట 1905లో కట్టినది, దాని కాలువల కింద ఇప్పటికీ వరి పండుతున్నది.

చాలాకాలము జిల్లా పేరు మెదక్, కలెక్టరుగారు మాత్రం సంగారెడ్డిలో ఉండేవారు. చిన్న సంతకానికైనా అంతదూరము పోవలసి వచ్చేది. 2016 అక్టోబరు 11న ఈ పట్టణమే జిల్లా కేంద్రమైంది. 2022లో రైలు కూడా వచ్చింది.

తరువాతి ఆదివారము, ఇంతకాలము మేము చెప్పినది పొరపాటని సంఘము ముందు ఒప్పుకున్నాము. గుడి బయట ఒక ముసలమ్మ మమ్మును ఆపి, "పేరు సంగతి పోనీయండి అయ్యగారూ, మా అమ్మ రాళ్లు మోసి ఆ అన్నం తిన్నది" అన్నది.

"అది నిజమేనమ్మా" అన్నాము.