బగాన్ దాతుక్ దారిలో చివరి శనివారం

క్లాంగ్ నుంచి ఐదో నంబరు రోడ్డు పట్టుకుని ఉత్తరంగా వెళితే కువాలా సెలంగోర్, తంజోంగ్ కరాంగ్, ఆ తర్వాత సెకించాన్ వస్తాయి. సెకించాన్‌లో వరిచేలు చూస్తే మన గోదావరి జిల్లాలోకి వచ్చేశామనిపిస్తుంది. సబాక్ బెర్నామ్ దగ్గర నది దాటితే పేరాక్ రాష్ట్రం. హుతాన్ మెలింతాంగ్‌లో ఎడమకి తిరిగామా, ఇక బగాన్ దాతుక్ దాకా కొబ్బరిచెట్లు, పామాయిల్ తోటలే. రెండేళ్ళపాటు నెలకి రెండు శనివారాలు ఈ దారిన వెళ్ళాను. అక్కడ ఒక గుడి హాల్లో పిల్లలకి తెలుగు చెప్పేవాళ్ళం. గత నెలలో మావారి ఉద్యోగం దోహాకి మారింది, నా పాఠాలు అక్కడితో ఆగాయి.

మలేషియాలో నాది డిపెండెంట్ పాస్. అంటే ఏమిటో మీలో చాలామందికి వేరే చెప్పక్కర్లేదు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, బాల్కనీలో కరివేపాకు మొక్కకి నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే వరంగల్ అమ్మాయి "నాతో ఓ శనివారం వస్తావా?" అని అడిగితే, ఏం చెయ్యాలో కూడా అడక్కుండా కారెక్కాను.

ఈ ప్రాంతానికి తెలుగువాళ్ళు వందేళ్ళకి ముందే వచ్చారు. శ్రీకాకుళం, విశాఖపట్నం, తూర్పు గోదావరి వైపు నుంచి కంగాణీల వెంట తోటల్లో కూలికి వచ్చినవాళ్ళే ఎక్కువ. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసని ఆపేసింది. ఇక ఊరి నుంచి కొత్తగా వచ్చేవాళ్ళు లేరు, కొత్త మాటలూ రాలేదు. అందుకే అక్కడి పెద్దల నోట వినిపించే "ఏటి", "ఎల్లిపోయాడు" వింటుంటే మా నాయనమ్మ వాళ్ళ వైపు చుట్టాలు మాట్లాడుతున్నట్టే ఉండేది. మధ్యలో మలయ్ మాటలు, తమిళం మాటలు ఎటూ పడుతుంటాయి.

పిల్లల్లో చాలామంది తమిళ బడుల్లో చదువుకునేవాళ్ళు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని "గంట" రాయమంటే "కంట" అని రాసేవాళ్ళు. ఇంగ్లీషు అక్షరాల్లో రాయమంటే ఇంకో తమాషా. మలయ్‌లో 'సి' అక్షరాన్ని 'చ' అని పలుకుతారు కదా, 'చెట్టు'ని 'సి'తో మొదలుపెట్టేవాళ్ళు. మొదట్లో నాకు అర్థం కాలేదు. తర్వాత ఆలోచిస్తే వాళ్ళ లెక్కే సరిగ్గా ఉందనిపించింది. టీచర్ని అక్కడ "చిక్‌గు" అంటారు. ఆ పిలుపు నాకు భలే నచ్చింది.

మేం మొత్తం ఐదుగురం. నేను, వరంగల్ అమ్మాయి బయటినుంచి వచ్చినవాళ్ళం. మిగతా ముగ్గురూ అక్కడ పుట్టినవాళ్ళు. ఒకావిడ అరవై దాటిన పెద్దమ్మ. 1981లో కౌలాలంపూర్‌లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు బస్సులో వెళ్ళి, అంతమంది తెలుగువాళ్ళని ఒకేచోట మొదటిసారి చూశానని ఎన్నిసార్లు చెప్పిందో. ఒక తమ్ముడు కాలేజీ కుర్రాడు, ప్రొజెక్టరూ పిల్లలకి మైలో కలపడమూ అతని డ్యూటీ. మూడో ఆవిడ పామాయిల్ మిల్లు ఆఫీసులో గుమాస్తా, నేను అక్కా అని పిలిచేదాన్ని. తెలుగు గలగలా మాట్లాడేది కానీ రాయడం రాదు. మొదటి ఆరు నెలలు వెనక బెంచీలో తన కొడుకు పక్కనే కూర్చుని గుణింతాలు దిద్దింది.

నేను వెళ్ళిపోతున్నానని చెప్పిన రోజు పెద్దమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఏటమ్మా, నీకూ టైమైపోయిందా? వచ్చినోళ్ళందరూ మంచోళ్ళే. రెండేళ్ళుంటారు, ఎల్లిపోతారు. మీది నాలుగో జట్టు" అంది. వరంగల్ అమ్మాయి కూడా మార్చిలో ఇండియా వెళ్ళిపోతుంది. ఆవిడ అందులో నిష్ఠూరమేమీ లేకుండా చెప్పింది, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. జట్టు మారిన ప్రతిసారీ కొన్ని నెలలు క్లాసు ఆగిపోయేదట. మళ్ళీ పిల్లల్ని పోగుచేసి అ ఆల దగ్గర మొదలుపెట్టడమేనట.

చివరి శనివారం అక్క ఒక మాట అడిగింది. "ఈ రోజు పాఠం నేను చెప్తాను, మీరు ఎనక కూర్చోండి."

బోర్డు మీద తేదీ వేసి, పాఠం పేరు రాసింది. "పుస్థకం" అని రాసింది. నేను లేవబోయాను. వరంగల్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అర నిమిషం గడిచిందో లేదో ముందు వరసలో ఓ పిల్ల, "చిక్‌గు, అక్కడ తా వత్తు కదా లా!" అంది. అక్క బోర్డు వంక చూసి, నవ్వి, చేత్తోనే తుడిచి మళ్ళీ రాసింది. పాఠం సాగింది. మలయ్‌లో అర్థం చెప్పి, తెలుగులో చదివించి, అల్లరి చేసిన తన కొడుకుని బయట నిలబెట్టింది. నిజం చెప్పాలంటే, తనకంటే నాకు తెలుగు ఎక్కువ వచ్చు కానీ ఆ పిల్లలు ఆవిడకి నాకంటే ఎక్కువ తెలుసు.

మధ్యలో విరామమిచ్చి తిండి పెట్టారు. అరిటాకు పొట్లాల్లో నాసి లెమాక్, పక్కనే పులిహోర. ఆ పులిహోరలో చింతపండు బదులు అక్కడి చిన్న నిమ్మకాయలు పిండుతారు, రుచి వేరేగా ఉంటుంది. పెద్దమ్మ నాకు బొట్టు పెట్టి రవికె గుడ్డ ఇచ్చింది, బాతిక్ అద్దకం గుడ్డ. నేను హాజరు పట్టీ, సుద్దముక్కల డబ్బా, బీరువా తాళంచెవి అక్క చేతిలో పెట్టాను. తమ్ముడు ఫోటోలు తీస్తూ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

గుమ్మం దగ్గర "వెళ్ళొస్తాను" అన్నాను, మనందరికీ అలవాటైన మాట. ముందు వరస పిల్ల వెంటనే, "రెండు వారాలకి వస్తారా చిక్‌గు?" అని అడిగింది. ఏం చెప్పను? పెద్దమ్మే అందుకుంది. "పిల్లలకి అబద్ధం ఎందుకమ్మా. మలయ్‌లో చెప్పెయ్."

మలయ్‌లో వెళ్ళేవాళ్ళు ఒక మాట, ఉండేవాళ్ళు ఒక మాట అంటారు. వెళ్ళేవాళ్ళు "సెలామత్ తింగ్గల్" అనాలి, మీరు క్షేమంగా ఉండండి అని. ఉండేవాళ్ళు "సెలామత్ జలాన్" అంటారు, క్షేమంగా వెళ్ళండి అని. ఎవరు ఎటో అందులో తేలిపోతుంది. నేను సెలామత్ తింగ్గల్ అన్నాను. గొంతు సరిగ్గా రాలేదు. అక్క "సెలామత్ జలాన్" అని నా భుజం తట్టి లోపలికి వెళ్ళిపోయింది, ఇంకా అరగంట క్లాసు ఉంది మరి.

మార్చి దాకా వరంగల్ అమ్మాయి వెళ్తూనే ఉంటుంది. పాఠం అక్క చెప్పుకుంటుంది, కాపీలు దిద్దడానికి ఇంకో మనిషి ఉంటే చాలట. క్లాంగ్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళెవరైనా చదువుతుంటే, ఆ కారులో నా సీటు ఖాళీగానే ఉంది.