నీలం జెండా, ఆకుపచ్చ జెండా

మా అమ్మాయి పురిటికని 2018 ఆగస్టు చివర్లో అమెరికా వెళ్ళాను. వాళ్ళుండే ఊరు కెనోషా. మిషిగన్ సరస్సు ఒడ్డున, విస్కాన్సిన్ రాష్ట్రానికి చిట్టచివర ఉంటుంది. కారెక్కి కాస్త దూరం పోతే ఇల్లినాయ్ రాష్ట్రం వచ్చేస్తుంది. చికాగో వంద కిలోమీటర్లు. ఈ లెక్కలన్నీ ఎందుకు చెబుతోందీవిడ అనుకుంటారేమో, నేను చెప్పబోయే తగువుకి మూలం ఆ సరిహద్దే.

వెళ్ళిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎదురుగా పక్కపక్కనే రెండిళ్ళు. ఒక ఇంటి ముందు ఆకుపచ్చా పసుపూ కలిసిన జెండా, రెండో ఇంటి ముందు ముదురు నీలం మీద నారింజ రంగు అక్షరం ఉన్న జెండా. ఎలక్షన్లేమైనా వచ్చాయా, ఇరుగూ పొరుగూ చెరో పార్టీనా అనుకున్నాను. మా అమ్మాయి పకపకా నవ్వి, "ఎలక్షన్లు కాదమ్మా, ఫుట్‌బాల్" అంది.

ఫుట్‌బాల్ అంటే మనకి తెలిసిన, కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తుతారు, అవతలివాళ్ళు వచ్చి మీద పడతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి జరగాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళ పాలు. చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు, రెండు స్తంభాల మధ్యనుంచి తన్నితే మూడు. గడియారం లెక్కన గంట ఆటే గానీ, ఆపి ఆపి మూడు గంటలు సాగదీస్తారు. ఇంతకన్నా నాకు తెలియదు, మీక్కూడా అక్కర్లేదు.

ఆకుపచ్చ వాళ్ళు గ్రీన్ బే ప్యాకర్స్, నీలం వాళ్ళు చికాగో బేర్స్. మొదటిసారి 1921లో తలపడ్డారట. ఏటా రెండుసార్లు ఆడతారు, ఇప్పటికి రెండువందల మ్యాచ్‌లు దాటాయి. ఆ దేశంలో ఏ రెండు జట్లూ ఒకరితో ఒకరు ఇన్నిసార్లు ఆడలేదట.

ఆ రెండిళ్ళలోనూ ఉండేది మగవాళ్ళు కాదండోయ్. డెబ్భై దాటిన ఇద్దరు ఆడవాళ్ళు. పేర్లు నాకు నోరు తిరక్క, మనసులో ఒకావిణ్ణి ఆకుపచ్చావిడనీ, ఇంకొకావిణ్ణి నీలమావిడనీ అనుకునేదాన్ని. ఆకుపచ్చావిడ ఆ రాష్ట్రంలోనే పుట్టి పెరిగింది. నీలమావిడ చికాగో నుంచి కాపురానికొచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఇరుగుపొరుగులు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వాదన. నీలమావిడ భర్త ఆ వసంతంలోనే పోయాడని, ఆయన లేకుండా ఆట చూడటం ఆవిడకదే మొదటి ఏడాదని మా అమ్మాయి చెప్పింది.

వాళ్ళిద్దరూ గుమ్మాల్లో నిలబడి ఒకరినొకరు దెప్పుకుంటుంటే నాకు మా తోడికోడలు గుర్తొచ్చేది. ఆవిడది గుంటూరు, మాది గోదావరి జిల్లా. ఏటా వేసవిలో ఆవకాయ పెట్టేటప్పుడు మా ఇద్దరికీ పెద్ద యుద్ధమే. "మీ గోదావరోళ్ళు ఆవకాయలో బెల్లం కూడా వేస్తారు, అది పచ్చడా, పాయసమా?" అని ఆవిడ, "మీది తింటే చెవుల్లోంచి పొగలొస్తాయి" అని నేను. మా అత్తగారు రెండూ రుచి చూసి, ఎవరిది బావుందో చెప్పకుండా పోయింది మహాతల్లి. ఆ అక్కయ్యతో నాకు మాటల్లేక అప్పటికి నాలుగేళ్ళు. ఆ సంగతి తరవాత చెబుతాను.

వాళ్ళకో ఒప్పందం ఉంది. ఆట గ్రీన్ బేలో జరిగితే ఆకుపచ్చావిడ ఇంట్లో చూడాలి, చికాగోలో జరిగితే నీలమావిడ ఇంట్లో. ఓడినావిడ వారం రోజులు గెలిచినావిడ జెండా తన గుమ్మానికి కట్టుకోవాలి.

సెప్టెంబరు 9న మొదటి ఆట. నిండు నెలల మా అమ్మాయినీ నన్నూ కూడా పిలిచారు. ఆకుపచ్చావిడ తలమీద చీజ్ ముక్క ఆకారంలో పసుప్పచ్చటి స్పాంజి టోపీ! విస్కాన్సిన్‌లో పాడి ఎక్కువ, అందుకని ఇల్లినాయ్ వాళ్ళు వీళ్ళని "చీజ్ తలకాయలు" అని ఎగతాళి చేసేవారట. 1987లో ఒకాయన వాళ్ళమ్మ సోఫాలోని స్పాంజి కోసి టోపీ చేసుకుని, ఆ తిట్టునే నెత్తిన పెట్టుకుని బేస్‌బాల్ ఆటకి వెళ్ళాడట. ఇప్పుడు అందరికీ అదే కిరీటం. సోఫా పాడుచేసినందుకు ఆ తల్లి ఏమందో ఎవరూ చెప్పలేదు.

గోడమీద ఫ్రేము కట్టిన కాగితం చూపించింది. ప్యాకర్స్ జట్టుకి కోటీశ్వరుడైన యజమాని లేడు, జనమే యజమానులు. 1923 నుంచి ఆరుసార్లు వాటాలు అమ్మారు. లాభం పంచరు, లాభానికి తిరిగి అమ్ముకోనివ్వరు, అయినా వాటాదార్లు ఐదు లక్షలు దాటారు. ఈవిడ 2011లో రెండువందల యాభై డాలర్లు పోసి ఒకటి కొన్నదట. "ఆ కాగితం ఎందుకూ, అప్పడాలు చుట్టుకోవడానికా?" అన్న అర్థంలో నీలమావిడ ఏదో అంది. నవ్వులే నవ్వులు.

ఇక వాదన మొదలైంది. మా ఛాంపియన్‌షిప్పులు పదమూడు, మీవి తొమ్మిదేనని ఈవిడ. 1986 జనవరిలో సూపర్ బౌల్‌లో 46-10తో గెలిచిన జట్టులాంటిది భూమ్మీద పుట్టలేదని ఆవిడ. ఆ తరవాత వాళ్ళు మళ్ళీ సూపర్ బౌల్ గెలిచింది లేదు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది. మన ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల సంగతి మాత్రం తక్కువా? మా చిన్నాన్నలిద్దరూ దానిమీద అన్నాలు మానేసిన రోజులున్నాయి.

ఆరోజు బేర్స్ 20-0తో ముందుకి పోయారు. పైగా ప్యాకర్స్ హీరో ఆరన్ రాడ్జర్స్‌కి మోకాలు దెబ్బతగిలి బండిమీద లోపలికి తీసుకుపోయారు. నీలమావిడ జెండా మడత విప్పి సిద్ధంగా పెట్టుకుంది. ఇంటర్వెల్ తరవాత మన సినిమాల్లో కట్టుకట్టుకుని తిరిగొస్తాడే, అచ్చం అలాగే కుంటుకుంటూ వచ్చాడండీ ఆ అబ్బాయి. 24-23తో గెలిపించాడు. మా అమ్మాయి ఆ అరుపులకి అక్కడే నొప్పులు తెచ్చుకుంటుందేమోనని నా గుండె దడ నాది. మర్నాడు నీలమావిడ గుమ్మానికి ఆకుపచ్చ జెండా ఎగిరింది.

అక్టోబరులో మనవడు పుట్టాడు. ఇద్దరూ చెరో ఊలు టోపీ అల్లి తెచ్చారు. ఏ రంగులో చెప్పక్కర్లేదుగా! ఎవరు తలుపు తడితే వాళ్ళ టోపీ పెట్టడం నా డ్యూటీ అయింది. ఒకరోజు ఇద్దరూ కలిసే వచ్చారు. ఏం చెయ్యను, నా మఫ్లరు చుట్టాను వాడి తలకి.

డిసెంబరు 16న రెండో ఆట చికాగోలో. నీలమావిడ ఇంటికి మిరపకాయ బజ్జీలు పట్టుకెళ్ళాను. అక్కడ దొరికే పెద్ద మిరపకాయలు చప్పగా ఉంటాయి, వాముతో పాటు చింతపండు గుజ్జులో కాస్త కారం కలిపి కూరాను. ఇద్దరూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఖాళీ చేశారు. ఆ గదిలో ఒక కుర్చీలో ఎవరూ కూర్చోరు. దాంట్లో ఆయన నీలం టోపీ ఉంది. బేర్స్ 24-17తో గెలిచారు. నీలమావిడ లేచి నిలబడి, తన జెండా తీసుకెళ్ళి స్వయంగా పక్కింటి గుమ్మానికి కట్టి వచ్చింది, మంచులో, చెప్పుల్తో.

ఆరోజే ఆకుపచ్చావిడ ఒక పాత సంగతి చెప్పింది. 1956లో గ్రీన్ బేలో కొత్త స్టేడియం కట్టాలా వద్దా అని జనం ఓట్లెయ్యాల్సి వచ్చిందట. అప్పుడు బేర్స్ యజమాని జార్జ్ హాలస్, బద్ధ శత్రువు, ఆ ఊరొచ్చి సభలో నిలబడి కట్టుకోండని చెప్పాడట. 1957లో ఆ స్టేడియంలో మొదటి ఆట బేర్స్‌తోనే. ప్యాకర్స్ గెలిచారు. "చూశావా, మా వాళ్ళ మంచితనం" అని నీలమావిడ. "మేము లేకపోతే మీరెవరితో ఆడతారు, అందుకే" అని ఈవిడ.

ఇక నేను మర్చిపోలేని రోజు 2019 జనవరి 6. ఆ ఏడు ప్యాకర్స్ ఆరు గెలిచి, తొమ్మిది ఓడి, ఒకటి సమం చేసుకుని ఇంటికి పోయారు. బేర్స్ మాత్రం పైపోటీల్లోకి వెళ్ళారు. చికాగోలో ఫిలడెల్ఫియా ఈగిల్స్‌తో ఆట. ఆకుపచ్చావిడ చీజ్ టోపీ లేకుండా వచ్చి కూర్చుంది. ఆఖరి పది సెకన్లు. బేర్స్ 15, ఈగిల్స్ 16. నలభై మూడు గజాల నుంచి బంతి తన్నాలి, స్తంభాల మధ్యనుంచి పోతే గెలుపు. తన్నాడు. బంతి ఎడమ స్తంభానికి తగిలి, కింది అడ్డకర్రకి తగిలి, వెనక్కి మైదానంలోనే పడింది.

గదిలో చప్పుడు లేదు. నీలమావిడ టీవీ వైపు కాదు, ఆ కుర్చీ వైపు చూస్తోంది. నేనైతే ఇప్పుడు ఆకుపచ్చావిడ విరగబడి నవ్వుతుందనుకున్నాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి సూపు వెచ్చబెట్టి తెచ్చింది. ఒక్క మాట అనలేదు. మేం ఇల్లు చేరేసరికి ఆవిడ తన గుమ్మానికున్న ఆకుపచ్చ జెండా కూడా దించేస్తోంది.

మూడు రోజులు ఆ గుమ్మం బోసిగానే ఉంది. నాలుగో రోజు మంచు ఎత్తుతూ ఆకుపచ్చావిడ కేకేసింది: "మీ బంతి స్తంభాన్నైనా తాకింది. మావాళ్ళు ఆ స్తంభాన్ని టీవీలో చూశారంతే!" నీలమావిడ చేతిలో పార పక్కన పెట్టి నవ్విన నవ్వు మా ఇంట్లోకి వినబడింది. సాయంత్రానికి ఆకుపచ్చ జెండా మళ్ళీ ఎగిరింది.

ఆరాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2014 వేసవిలో మా తోడికోడలి జాడీకి బూజు పట్టింది. మా మరిది పెళ్ళిచూపులకని చుట్టాలందరూ వచ్చి ఉన్నారు. మూత తీయగానే నేను, "గుంటూరు కారానికి బూజు కూడా భయపడలేదే!" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ జాడీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఏటా ఆవిడకి కారం కొట్టించి, పక్కన కూర్చుని కలిపిచ్చేది వాళ్ళమ్మ. ఆ ఏడు మాఘమాసంలోనే ఆ పెద్దావిడ పోయింది. నాకు తెలియక కాదు. నోటి దూల.

ఫిబ్రవరిలో తిరిగొచ్చాను. మేలో ఆవకాయ పెట్టాక, ధైర్యం కూడగట్టుకుని ఫోను చేశాను.

"అక్కయ్యా, నేను. ఈ ఏడు నా జాడీకి బూజు పట్టింది. ఏం చెయ్యను?"

నిజంగా పట్టిందా అని మీరడక్కండి.

అవతల ఎంతసేపటికీ మాట లేదు. పెట్టేసిందేమో అనుకున్నాను.

"ఉప్పు తక్కువేసుంటావు" అంది చివరికి. "నూనె పైకి తేలేదాకా చూసుకోవాలి. బెల్లం తినే మీ గోదావరోళ్ళకి ఇవన్నీ ఎప్పుడు తెలిశాయి గనక! ఉండు, రేపు మీ బావగారితో మా జాడీ ఒకటి పంపిస్తాను."