శనివారం మాత్రమే మొరాయించే కీబోర్డు

మా అమ్మాయి మన స్కూల్లోనే ఎనిమిదో తరగతి చదువుతోంది. ఫౌండేషన్ క్లాసులూ, వీకెండ్ టెస్టులూ పోగా వారంలో తనకంటూ మిగిలేది శనివారం సాయంత్రం 6 నుంచి 7 వరకు ఒక్క గంట. ఆ గంటలో విజయవాడలో ఉండే మ్యూజిక్ మేడమ్ దగ్గర ఆన్‌లైన్లో కీబోర్డు నేర్చుకుంటుంది. మొన్న ఆగస్టులో ఆ గంట కూడా తీసేద్దామని దాదాపు నిర్ణయించేశాను. ఎందుకు తీసేయలేదో పీటీఎంలో మాటల మధ్య చెబితే, క్లాస్ టీచర్ ‘ఇది రాసివ్వండి మేడమ్’ అన్నారు. అందుకే రాస్తున్నాను.

మా ఇంట్లో ఉన్నది సొంతంగా మోగే కీబోర్డు కాదు. 49 మీటలున్న చిన్నది. యూఎస్‌బీ వైరుతో డెస్క్‌టాప్‌కి కలిపితే కంప్యూటర్లోని సాఫ్ట్‌వేర్ మోగుతుంది. కరెంటు కూడా ఆ వైరులోంచే రావాలి. వైరు పనిచేయకపోతే అది ఉత్త చెక్కబల్ల.

జూలై నుంచి క్లాసు మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. ఊరికే ఆగినా బాగుండేది. సరిగ్గా ఆగిన క్షణంలో ఏ స్వరం మీద వేలుందో ఆ స్వరం పట్టుకుని వదిలేది కాదు. మొదటిసారి ‘గ’ దగ్గర పట్టుకుంది. మేడమ్ అది శ్రుతి పెట్టె అనుకుని ‘కొంచెం శ్రుతి తగ్గించమ్మా’ అన్నారు. నేను వంటింట్లోంచి గరిటెతోనే పరిగెత్తి వైరు తీసి పెడితే పనిచేసింది. పది నిమిషాలకి మళ్ళీ ‘అమ్మా, ఆగిపోయింది’.

ఇలా మూడు శనివారాలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ అరగంట ప్రాక్టీసులో మాత్రం ఒక్కసారీ ఆగలేదు. మేడమ్ ముందు, అదీ అలంకారాలు మూడో కాలంలో వాయించమన్నప్పుడే ఆగుతోంది. మీరైనా ఏమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను. మూడో శనివారం అనేశాను కూడా. ‘ప్రాక్టీస్ చేయకపోతే చేయలేదని చెప్పు. వైరు మీదికి తోయకు.’

అది ఏడవలేదు. ఎదురు చెప్పలేదు. కంప్యూటర్ ఆపేసి వాళ్ళ నానమ్మ గదిలోకి వెళ్ళిపోయింది. మావారు ‘ఓ కొత్త వైరు కొని చూద్దాం’ అంటే, మీరే దాన్ని వెనకేసుకొస్తున్నారని ఆయన మీదా విరుచుకుపడ్డాను. వచ్చే నెల నుంచి మేడమ్‌కి ఫీజు పంపేది లేదన్నాను.

నా ఉద్యోగం సంగతి ఇక్కడ చెప్పాలి. నేను ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ని. రక్తపరీక్షలు చేసే యంత్రం నుంచి ఫలితాలు వైరు ద్వారా పక్కనున్న కంప్యూటర్‌కి వస్తాయి. ఆ తర్వాతి సోమవారం పొద్దున సరిగ్గా రద్దీ వేళ అవి రావడం ఆగిపోయాయి. యంత్రం తెరమీద ఫలితం కనిపిస్తోంది, కంప్యూటర్లోకి రావడం లేదు. చేత్తో ఎక్కిస్తే ఒక అంకె అటూ ఇటూ అయినా ప్రమాదం. ఇలాంటప్పుడు సర్వీస్ ఇంజినీర్‌కి ఫోన్ చేస్తే ఆయన అడిగేవి రెండే ప్రశ్నలు: చివరిసారి బాగా పనిచేసింది ఎప్పుడు? ఆ తర్వాత ఏం మారింది? ఆయన అడిగీ అడిగీ నాకూ అదే అలవాటైంది. చూస్తే, రాత్రి శుభ్రం చేసినప్పుడు యంత్రం వైరు కన్వర్టర్‌ని తీసి మరో యూఎస్‌బీ పోర్టులో పెట్టారు. కొన్ని కన్వర్టర్లకు పోర్టు మారితే విండోస్ కొత్త నంబరు ఇస్తుంది. మా సాఫ్ట్‌వేర్ కామ్ 3 దగ్గర కాచుకుని కూర్చుంటే, యంత్రం కామ్ 5 దగ్గర మాట్లాడుతోంది. పాత పోర్టులోకి మార్చగానే ఫలితాలు వచ్చేశాయి. మొత్తం పది నిమిషాల పని.

సాయంత్రం మెట్రోలో నిలబడి ఇంటికి వస్తుంటే నామీద నాకే కోపం వచ్చింది. ఆ యంత్రాన్ని అడిగిన రెండు ప్రశ్నలు మా పిల్లని అడగలేదు.

ఇంటికెళ్ళి అడిగాను. అది మొదట మాట్లాడలేదు. కాసేపటికి రఫ్ నోట్సు వెనక పేజీ తీసి నా ముందు పెట్టింది. రెండో శనివారం నుంచే రాసుకుంటోంది. ‘6:14 – గ ఆగలేదు. 6:31 – మళ్ళీ. వీడియో కూడా ఒక సెకను ఆగింది. 6:40 – అమ్మ నమ్మలేదు.’

చివరి మాట చదివాక కాసేపు పైకి చూడలేకపోయాను. తర్వాత దాని పైవాక్యం చూశాను. వీడియో కూడా ఆగిందా? అవును, ఏం మారింది? జూన్ దాకా క్లాసు నా ఫోన్లో జరిగేది. వేళ్ళు సరిగా కనిపించడం లేదని మేడమ్ అంటే జూలైలో వెబ్‌క్యామ్ కొన్నాం. సీపీయూ ముందున్న పోర్టులు చాలక ఓ చిన్న హబ్ కూడా తెచ్చి, కెమెరా, కీబోర్డు, మౌస్ అన్నీ దానికే తగిలించాం. కెమెరా వెలిగేది శనివారం మాత్రమే.

ఆదివారం దాకా ఆగి, పొద్దున్నే ఇద్దరం కూర్చున్నాం. ల్యాబ్ పద్ధతే: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చినది రాయాలి. మొదట కెమెరా ఆపి అరగంట వాయించింది. ఏమీ కాలేదు. కెమెరా పెట్టాం. తొమ్మిదో నిమిషంలో, యూఎస్‌బీ ఊడితే విండోస్ చేసే ఆ ‘టుడుం’ శబ్దం వచ్చి, ‘ప’ పట్టుకుపోయింది. క్లాసులో హెడ్‌ఫోన్స్ మేడమ్ గొంతుతో నిండి ఉంటాయి కాబట్టి ఆ చిన్న శబ్దం దానికి ఎప్పుడూ వినిపించలేదట. తర్వాత వైరు మార్చాం. మా ప్రింటర్ వైరుకీ అదే చదరపు మూతి ఉంటుంది, అది పెడితే సరిపోయింది. అయినా ఆగింది. అంటే వైరు తప్పు కాదు. ఇక హబ్‌ని తప్పించి కీబోర్డు వైరుని సీపీయూ వెనక, మదర్‌బోర్డుకే ఉండే పోర్టులో పెట్టాం. కెమెరా వెలుగుతూనే గంట వాయించింది. ఆగలేదు.

నేను లేవబోతే అది నన్ను కూర్చోబెట్టింది. ‘మళ్ళీ హబ్‌లో పెట్టి చూద్దామమ్మా. ఆగితేనే కదా హబ్ వల్ల అని తెలిసేది.’ పెట్టాం. ఆగింది.

సంగతి ఇదీ. యూఎస్‌బీ 2.0 పోర్టు మామూలుగా ఇవ్వాల్సిన కరెంటు 500 మిల్లీ ఆంపియర్లు. సొంత అడాప్టర్ లేని హబ్ పెడితే దానికి తగిలించినవన్నీ ఆ ఐదొందల్నే పంచుకోవాలి. కెమెరా వెలగ్గానే తన వాటా లాగుతుంది, చాలనిది మూర్ఛపోతుంది. ఇక స్వరం పట్టుకుపోవడం మరీ తమాషా. కీబోర్డు నుంచి వైరులో వెళ్ళేది శబ్దం కాదు, కబురు. 1983లో వచ్చిన మిడి అనే పద్ధతిలో ‘64వ మీట నొక్కారు, ఇంత గట్టిగా’ అని ఒక కబురు, వేలు తీశాక ‘64వ మీట వదిలారు’ అని ఇంకోటి. రెండింటి మధ్యలో లింకు తెగితే వదిలిన కబురు చేరదు. పాపం కంప్యూటర్ ఇంకా నొక్కే ఉందనుకుని మోగిస్తూనే ఉంటుంది.

అంతటితో అయిపోలేదు. బూస్ట్ తాగి వచ్చేసరికి కీబోర్డు పలకడం లేదు. ఈసారి ఏ స్వరమూ పట్టుకోలేదు, ఊరికే మౌనం. ఇది వేరే జబ్బు. కాసేపు వాడకపోతే కరెంటు ఆదా కోసం విండోస్ ఆ పోర్టుని నిద్రపుచ్చుతుంది, కొన్ని పరికరాలు మళ్ళీ లేవవు. డివైస్ మేనేజర్లో యూఎస్‌బీ రూట్ హబ్ దగ్గర పవర్ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది, అక్కడ టిక్ తీసేశాం. రెండు జబ్బులు కలిసి ఉండటం వల్లే ఇన్నాళ్ళూ ఏదీ తిన్నగా అర్థం కాలేదు.

మీ పిల్లల రోబోటిక్స్ కిట్లు ఇంట్లో కంప్యూటర్‌కి కనెక్ట్ కావడం లేదంటే, ముందు వైరు చూడండి. ఫోన్ చార్జర్లతో వచ్చే కొన్ని వైర్లలో కరెంటు తీగలే తప్ప డేటా తీగలు ఉండవు. బోర్డు మీద లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కి మాత్రం కనిపించదు. లైటు వెలుగుతోంది కదా, వైరు బాగానే ఉందని పిల్లల్ని గదమాయిస్తాం. ఎక్స్‌టెన్షన్ వైర్లు ఒకదానికొకటి తగిలించి హాలంతా లాగినా కష్టమే, యూఎస్‌బీ 2.0 వైరు 5 మీటర్లు దాటకూడదు.

ఖర్చు ఒక్క రూపాయి కాలేదు. ఆ సాయంత్రమే మేడమ్‌కి ఫోన్ చేసి, అమ్మాయి పక్కనుండగానే జరిగింది చెప్పాను, తప్పు మా హబ్‌ది, దాన్ని అనవసరంగా తిట్టాను అని. అది వినిపించనట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మర్నాడు సీపీయూ వెనక ఆ పోర్టు పక్కన ఓ స్టిక్కర్ కనిపించింది: ‘తీయొద్దు – నానమ్మకి కూడా.’ మా అత్తయ్య రోజూ గుడ్డతో అన్నీ తుడుస్తారు మరి.

మొన్న శనివారం కూరలో పోపు వేస్తుంటే పాట మధ్యలో ఆగిపోయింది. స్టవ్ తగ్గించి, ఏమీ అనకుండా వెళ్ళి బల్ల వెనక వంగి వైరు చూశాను. గట్టిగానే ఉంది. హబ్ డ్రాయర్లోనే ఉంది. తెరమీద మేడమ్ ఎదురు చూస్తున్నారు.

‘అది బాగానే ఉందమ్మా’ అంది మెల్లగా, మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి. ‘ఈ వారం నేనే ప్రాక్టీస్ చేయలేదు.’