సెకండియర్ పేషెంట్లు

ఇంటర్ సెకండియర్ పేషెంటును కుర్చీలో కూర్చోబెట్టి ‘ఏమైంది బాబూ?’ అని అడిగితే, జవాబు పక్క కుర్చీలోంచి వస్తుంది. ‘కడుపునొప్పంటాడు సార్, అన్నం సహించట్లేదంటాడు.’ అమ్మ చెబుతుంది, లేకపోతే నాన్న, ఇద్దరూ రాకపోతే హాస్టల్ వార్డెన్. పదిహేడేళ్లవాడు, వాళ్ల నాన్న కంటే జానెడు పొడుగు, నేలచూపులు చూస్తూ కూర్చుంటాడు.

గుంటూరులో జూనియర్ కాలేజీ హాస్టళ్లకు దగ్గర్లో నా ప్రాక్టీసు. వానాకాలంలో ఈ పిల్లలకు జ్వరాలు, పచ్చకామెర్లు. చలికాలంలో గజ్జి, ఒకడికొస్తే గదిమొత్తానికీ. సంక్రాంతి సెలవులు అయిపోయాక వచ్చే జబ్బులు వేరు. జనవరిలో జేఈఈ మెయిన్, ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ఆ వెనకే నీట్, ఎంసెట్. (పేరు ఈఏపీసెట్‌గా మారినా తల్లిదండ్రుల నోట అది ఇంకా ఎంసెట్టే.) అప్పుడొచ్చే తలనొప్పులకు, వాంతులకు, కళ్లు తిరగడాలకు స్కానింగుల్లో ఏమీ కనబడదు.

ఈ వయసు పిల్లలొస్తే పెద్దవాళ్లను కాసేపు బయట కూర్చోమంటాను. అమ్మాయైతే నర్సమ్మను గదిలో ఉంచుకుంటాను. ‘మాకు తెలియనిది వాడికేముంటుంది సార్?’ అని కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకున్నా సరే.

పల్నాటి వైపు నుంచి ఒక మిర్చి రైతు కొడుకును తీసుకొచ్చాడు. ఎంపీసీ. (గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.) సోమవారం పొద్దున్నే కడుపునొప్పి. ఎండోస్కోపీ, అల్ట్రాసౌండ్ అప్పటికే అయిపోయాయి, రెండూ నార్మల్. పెద్దాయన బయటికి వెళ్లాక, ఆదివారం టెస్టులుంటాయా అని అడిగాను. ఉంటాయన్నాడు. సోమవారం పొద్దున మార్కుల ప్రకారం సెక్షన్లు మారుస్తారట. ఫస్టియర్ నుంచీ ఫిజిక్స్ అర్థం కావట్లేదని, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదని నెమ్మదిగా బయటపెట్టాడు. ‘ఎందుకు చెప్పలేదు?’ అంటే, ‘ఫీజు కోసం నాన్న వడ్డీకి తెచ్చాడు సార్’ అన్నాడు.

ఆ నొప్పి దొంగనొప్పి కాదు. పేగుల్లో దట్టమైన నరాల వల ఉంటుంది, దానికీ మెదడుకూ అస్తమానం రాకపోకలే. భయం పేగుల కదలికను మారుస్తుంది, మామూలు కదలికనే నొప్పిగా తోపిస్తుంది. ఇది వాడికి చెప్పాను. నాన్నకు నన్ను చెప్పమంటావా, నువ్వే చెబుతావా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి నేనే చెబుతానన్నాడు. నా ఎదుటే చెప్పాడు. ఆయన కొడుకు మొహం చూడకుండా తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ‘ఇంతేనా, ఇంకేమన్నా దాచావా?’ అని మాత్రం అడిగాడు.

ఇంకో అమ్మాయి, బైపీసీ. రాత్రి స్టడీ అవర్లో పడిపోయింది, చేతివేళ్లు కొంకర్లు పోయాయి. ఫిట్స్ అనుకుని తాళాలగుత్తి చేతిలో పెట్టి ఆటోలో వేసుకొచ్చారు. తెలివిగానే ఉంది, ఊపిరి మాత్రం గబగబా తీస్తోంది. మూతి చుట్టూ తిమ్మిరెక్కిందంది. భయంలో ఇలా ఊపిరి తీస్తే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది, రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది, అందులో విడిగా తిరిగే కాల్షియం తగ్గుతుంది. వేళ్లు బిగుసుకునేది అందుకే. ఊపిరి మెల్లగా వదలడం నేర్పితే కొద్దిసేపట్లో వేళ్లు విచ్చుకున్నాయి. గుండె, ఆక్సిజన్, షుగర్ చూసి బాగానే ఉన్నాయన్నాక, జరిగిందంతా కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. బైపీసీ పిల్ల కదా, నన్ను ఆపి ‘అయితే బైకార్బొనేట్ ఏమవుతుంది సార్?’ అని అడిగింది. ఇక ఈ పిల్లకు భయం లేదనుకున్నాను. తర్వాత అదే హాస్టల్లో ఇంకొకమ్మాయికి ఇలాగే అయితే వార్డెన్ ఆటో కోసం పరుగెత్తేలోపే ఈ పిల్ల పక్కన కూర్చుని సర్దిందట.

ఆ అమ్మాయికి హిమోగ్లోబిన్ ఎనిమిది. అది ఆశ్చర్యం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దని, నిమ్మరసంతో వేసుకోమని రాసిచ్చాను.

‘టెన్షన్’ అనే మాట మీద నాకు అనుమానం ఎక్కువ. ఒక కుర్రాడు పదిరోజులుగా మంచినీళ్లు తెగ తాగుతున్నాడు, రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నాడు, బరువు తగ్గాడు. స్టడీ అవర్లో మాటిమాటికీ బయటికి పోతున్నాడని మందలించారట. పరీక్ష భయమేనని అందరి తీర్పు. వాంతులతో నా దగ్గరికొచ్చేసరికి షుగర్ 480, మూత్రంలో కీటోన్లు. టైప్ 1 డయాబెటిస్. శరీరంలోని రక్షణ వ్యవస్థే పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. దానికీ చదువుకూ సంబంధం లేదు. ఐసీయూలో పెట్టాల్సివచ్చింది.

‘జీవితాంతం సూదులేనా?’ అని వాళ్లమ్మ కూలబడిపోయింది. వాడు ఏమీ అనలేదు. 1922 జనవరిలో టొరంటోలో మొట్టమొదట ఇన్సులిన్ వేయించుకున్నవాడికి పద్నాలుగేళ్లేనని చెబితే, అప్పుడు తల తిప్పాడు. ఇన్సులిన్ పెన్ను పట్టుకోవడం వాళ్లమ్మ కంటే ముందు నేర్చుకున్నాడు. చెమటలు పట్టి చేతులు వణికితే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగాలని గదిలోవాళ్లకు తనే చెప్పుకున్నాడు. పరీక్షల ముందు ఒంటరిగా వచ్చాడు, ఫోనులో జేఈఈ మెయిన్ సమాచార పుస్తకం తెరిచి. డయాబెటిస్ ఉన్నవాళ్లు షుగర్ మాత్రలు, అరటిపండు, పారదర్శకమైన నీళ్ల సీసా లోపలికి తీసుకెళ్లొచ్చని అందులో ఉంది. ‘గేటు దగ్గర అడుగుతారేమో సార్, సర్టిఫికెట్ రాసివ్వండి’ అన్నాడు. ఆరోజు పక్క కుర్చీ ఖాళీ.

కష్టాలే మనిషిని పెంచుతాయని కాలేజీ ఫంక్షన్లలో చెబుతుంటారు. పిలిస్తే నేనూ వెళ్తాను, ఆ మాట మాత్రం అనను. అంతే కష్టానికి కుంగిపోయినవాళ్లనూ చూశాను. పెరిగినవాళ్లకు, కష్టం చెప్పినప్పుడు తిట్టకుండా వినే పెద్దమనిషి ఒక్కరైనా దొరికారు. కంటినిండా నిద్ర కూడా కావాలి. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటలు అవసరం. హాస్టల్లో రాత్రి పదకొండుకు లైట్లార్పి తెల్లవారుజామున ఐదుకు బెల్లు కొడతారు. కౌమారంలో మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది కాబట్టి ముందే పడుకుందామన్నా నిద్రరాదు. చదివింది మెదడులో స్థిరపడేది ఆ నిద్రలోనే. అది కోసేసి, ఫిబ్రవరిలో ‘జ్ఞాపకశక్తికి టానిక్ రాయండి డాక్టరుగారూ’ అంటారు. నేను నిద్ర రాస్తాను. ఫీజు దండగనుకునేవాళ్లూ ఉన్నారు.

ఫలితాలు ఏప్రిల్లో. 2019లో తెలంగాణలో ఒకమ్మాయికి తెలుగులో సున్నా అని చూపించారు, మళ్లీ చూస్తే 99. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అందుకే రైతు కుటుంబాలకు ముందుగానే చెబుతాను: ఆ రోజుల్లో పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచకండి, పిల్లల్ని ఒంటరిగా వదలకండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. ఉందంటే అది గుండెపోటంత అత్యవసరం. రాత్రయినా 14416కు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌కు, ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మిర్చి రైతు కొడుకు ఫలితాలొచ్చిన సాయంత్రం ఫోన్ చేశాడు, వాడే. ఫిజిక్స్ పోయింది. మేలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాస్తున్నాడట, నాన్నే ఫీజు కట్టొచ్చాడట. కడుపునొప్పి ఎలా ఉందన్నాను.

‘అది పోయి చాలా రోజులైంది సార్. ఫిజిక్సే మిగిలింది’ అన్నాడు.