నెగెటివ్ వచ్చిన జ్వరం

మా దుమ్ముగూడెం మండలంలో తునికాకు పని అయిపోయి తొలకరి పడ్డాక బళ్లు తెరుచుకుంటాయి. వాటి వెనకే చలిజ్వరాలూ వస్తాయి. హాజరు పట్టీలో ఒకే గూడెం పిల్లల పేర్ల ఎదుట వరసగా ఖాళీలు కనబడితే సంగతేమిటో మాకు తెలిసిపోతుంది.

ఒక ఏడాది ఐదో తరగతి పిల్లవాడు మధ్యాహ్నం అన్నం ముట్టకుండా మూలన ముడుచుకుని పడుకున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. ఆశా అక్కను పిలిపించాం. ఆమె వేలికి సూది గుచ్చి, చుక్క రక్తం కిట్‌లో వేసి, పావుగంట ఆగి చూసింది. ఒకటే గీత. "మలేరియా లేదు సార్" అంది. వాళ్ల అమ్మ వచ్చి, "మళ్లీ చూపించాలా సారూ?" అని అడిగింది. "అక్కర్లేదమ్మా, టెస్టులో లేదు కదా" అన్నది మేమే. మూడో రోజు పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయి. భద్రాచలం తీసుకుపోతే రక్తపు పూత చూసి ఫాల్సిపారం అన్నారు. బతికాడు. మా మాట మాత్రం మమ్మల్ని వదల్లేదు.

తర్వాత ఒక ల్యాబ్ టెక్నీషియన్ తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని అడిగాం. అప్పటిదాకా మాకు తెలియనిది, కిట్ క్రిమిని చూడదని. క్రిమి రక్తంలోకి వదిలిన ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఒక మైక్రోలీటరు అంటే ఆవగింజ పాటి రక్తం. అందులో దాదాపు 50 లక్షల ఎర్రకణాలుంటాయి. క్రిములు 200 ఉంటే మంచి కిట్ సాధారణంగా పట్టేస్తుంది. లెక్క వేసి చూడండి, 25 వేల కణాలకు ఒకటి! అంతకన్నా తక్కువైతే గీత రాకపోవచ్చు. జ్వరం మొదటి రోజు తక్కువే ఉండొచ్చు. వైవాక్స్ రకాన్ని పట్టడంలో కిట్ ఇంకాస్త బలహీనం. చేయి తిరిగిన టెక్నీషియన్ మంచి సూక్ష్మదర్శినిలో 50, 100 ఉన్నా పట్టగలడు. మందపు పూతలో క్రిమి ఉందో లేదో వెతుకుతాడు, పలుచని పూతలో ఏ రకమో తేలుస్తాడు. రకం తెలియాలి, ఎందుకంటే వైవాక్స్ కాలేయంలో దాక్కుని మళ్లీ లేస్తుంది. దానికి ప్రైమాక్విన్ 14 రోజులు మింగాలి.

మరి ఆ ఒక్క గీత? అది మందునీళ్లు సరిగా పారాయని చెబుతుందంతే. చాలా కిట్ల పెట్టె మీద 30 లేదా 40 డిగ్రీలు దాటనీయొద్దని రాసి ఉంటుంది. మే నెలలో మా రేకుల గదిలో ఎంత ఉంటుందో వేరే చెప్పాలా! ఆ రోజు కిట్ ఎండకు పాడైందో, క్రిములే తక్కువున్నాయో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు.

తప్పు రెండో వైపూ జరుగుతుంది. ఫాల్సిపారం మందులు వాడి నయమైన పిల్లకు రెండు మూడు వారాల తర్వాత వేరే జ్వరం వచ్చినా కిట్‌లో గీత పడొచ్చు. క్రిమి చచ్చినా దాని ప్రోటీన్ రక్తంలో ఇంకా తిరుగుతుంటుంది. అప్పుడు పూతే చూడాలి.

అయితే పూతే గొప్పదా? 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో ఈ క్రిమిని సూక్ష్మదర్శినితోనే చూశాడని పాఠంలో చెబుతాం. వాగు పొంగిన రోజున ఆ సూక్ష్మదర్శిని మాకెంత దూరమో పాఠంలో ఉండదు. గాజుపలక వెళ్లి ఫలితం వారానికి వస్తే, అది ఎంత ఖచ్చితమైనదైతే ఏం లాభం? కరెంటు లేని గూడెంలో పావుగంటలో తేల్చేది కిట్ ఒక్కటే. దాన్ని తీసిపారేయమని మేం అనం. పైగా పూత కూడా ఒక్కోసారి తప్పుతుంది. ఫాల్సిపారం క్రిములు సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుపోతే వేలి రక్తంలో కొన్నే దొరుకుతాయి.

ఇప్పుడు బడిలో ఒక నోటుబుక్కు పెట్టాం. జ్వరం ఎన్నో రోజు, కిట్‌లో ఏమొచ్చింది, పూత తీశారా, ఈమధ్య మందులు వాడారా అన్నీ రాస్తాం. నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ పరీక్ష. ఫిట్స్, మత్తు, నీళ్లు కూడా తాగలేకపోవడం కనబడితే గీత కోసం ఆగం, బండి కోసం పరుగెత్తుతాం.

ఆ పిల్లవాడి అమ్మ ఇప్పుడు ఒకటే గీత వచ్చినా లేచి వెళ్లదు. "గాజుపలక మీద కూడా తియ్యక్కా" అంటుంది ఆశా అక్కతో. మేం పక్కనే ఉన్నా మమ్మల్ని అడగదు.